ఆ మచ్చలు బూజు కావు: కోట ముట్టడి చిత్రాన్ని తుడిచే ముందు

ఆ చిత్రాన్ని ఈ రోజు తుడవకండి. రేపు కూడా తుడవకండి. మీ ప్రశ్న చదివి, మీరు పంపిన నాలుగు ఫోటోలు చూశాక అన్నిటికంటే ముందు ఈ మాటే చెప్పాలనిపించింది.

చదివే మిగతావారి కోసం మీ ప్రశ్న క్లుప్తంగా: విశాఖలో, మహారాణిపేటలోని మీ పాత ఇంటి హాల్లో నాలుగడుగుల వెడల్పున్న చిత్రం ఒకటి ఉంది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో వాల్తేరులో ఖాళీ అవుతున్న ఒక దొరల బంగళా సామాను వేలం వేస్తే మీ తాతగారు కొన్నారు. ఎర్రకోటు సైనికులు రాళ్లున్న నీళ్లు దాటి, కూలిన కోటగోడ మీదికి ఎగబాకుతున్నారు. మధ్యలో ఒక అధికారి కత్తి ఎత్తి నిలబడ్డాడు. పైన పొగలో ఒక జెండా ఉంది. ఇంట్లో అందరూ దాన్ని 'బొబ్బిలి యుద్ధం' అంటారు. అది నిజంగా బొబ్బిలేనా, అసలు తైలవర్ణమేనా, ఎడమ మూల నేల మీద పడి ఉన్న మనుషుల చొక్కాలపై వచ్చిన బూజు మచ్చలు ఎలా పోతాయి అని అడిగారు. ఒక ఫ్రేముల దుకాణంలో కోసిన బంగాళాదుంపతో రుద్ది, ఆ పైన అవిసె నూనె పట్టిస్తే కొత్తదానిలా మెరుస్తుందని సలహా ఇచ్చారని కూడా రాశారు.

పాత చిత్రాలు బాగుచేసే పనిలో నాకు ముప్పై ఏళ్లు దాటాయి. మచ్చలతోనే మొదలుపెడతాను.

మీ మూడో ఫోటోను పెద్దది చేసి చూడండి. బోర్లాపడిన మనిషి మోచేతి దగ్గర మచ్చలు వంకరగా, కొసలు సన్నబడి, ఒకదాని పక్కన ఒకటి వరుసగా ఉన్నాయి. చేయి మడత పడిన చోట ఆ వరుస కూడా మడత పడింది. చొక్కా అంచు దగ్గర మచ్చలు ఆగిపోయాయి. పక్కనున్న నేల మీద ఒక్కటి కూడా లేదు. బూజుకు చొక్కా ఏదో, నేల ఏదో తెలియదు. చెమ్మ దొరికిన చోటల్లా గుండ్రంగా, దూదిపింజలా అల్లుకుపోతుంది. ఇక్కడ మచ్చలు బట్ట మడతను అనుసరించాయంటే వాటిని పెట్టింది చిత్రకారుడి కుంచె. అవి పులిచారలు.

టిపు సుల్తాను పదాతి దళం వేసుకున్న చొక్కాల మీద ఈ చారలే ఉండేవి. పులికి పారసీకంలో 'బబ్ర్' అని పేరు, దాన్నిబట్టి ఆ నమూనాను బబ్రీ అన్నారు. టిపు తన సింహాసనం మీద, తుపాకుల మీద, జెండాల మీద పులి గుర్తు వేయించుకున్నాడు. ఆ కాలపు చిత్రాల్లో మైసూరు సైనికుణ్ణి గుర్తుపట్టడానికి ఇంతకంటే నమ్మకమైన ఆనవాలు లేదు. దుకాణంవారి మాట విని మీరు ఆ మూలను రుద్ది ఉంటే, మీ చిత్రం తన పేరు తానే చెప్పుకోగలిగిన ఒకే ఒక్క చోటు చెరిగిపోయేది. ఇంత పొడుగ్గా రాయడానికి కారణం కూడా అదే.

కాబట్టి మీ గోడ మీద ఉన్నది బొబ్బిలి కాదు. టిపు రాజధాని శ్రీరంగపట్నం, ఇంగ్లీషువాళ్లు దాన్ని పట్టుకున్న 1799 మే 4.

ఇంట్లో పెద్దవాళ్లకు ఈ మాట చెప్పడం కష్టమేనని నాకు తెలుసు. ఉత్తరాంధ్రలో బొబ్బిలి కథ పాటగా వినని ఇల్లు ఉండదు. 1757 జనవరి 24న బుస్సీ ఫ్రెంచి ఫిరంగులు, విజయనగరం విజయరామరాజు బలగాలు ఒకవైపు, రంగారావు మనుషులు ఒకవైపు. కోట ఇక నిలవదని తెలిశాక లోపలివాళ్లు తమ ఆడవాళ్లనూ పిల్లలనూ తామే చంపుకుని, చివరి మనిషి దాకా పోరాడిన రోజు అది. కోట అంటే, ముట్టడి అంటే మన కంటి ముందు మొదట ఆ రోజే కదులుతుంది. కానీ బొబ్బిలిది మట్టికోట. మీ చిత్రంలో చెక్కిన రాళ్లతో కట్టిన గోడ ఉంది, దాని ముందు రాళ్లు తేలిన వెడల్పాటి నది ఉంది. ఇంత నది దాటి లగ్గలెక్కిన, అంటే కోటగోడ ఎక్కి చొరబడిన కథ బొబ్బిలిది కాదు. సైనికుల ఎర్రని కోట్లు అసలే కుదరవు, అవి ఇంగ్లీషు సైన్యానివి. బొబ్బిలి మీదికి వచ్చినవారు ఫ్రెంచివాళ్లు. అప్పట్లో ఇంగ్లీషువాళ్లు ఇక్కడ విశాఖలో తమ వర్తక స్థావరంలో ఉన్నారు, అదే ఏడాది జూన్‌లో బుస్సీ వచ్చి దాన్ని కూడా పట్టుకున్నాడు.

మచిలీపట్నం కావచ్చా అని ఎవరైనా అడగవచ్చు, ఎందుకంటే 1759 ఏప్రిల్‌లో ఫ్రెంచివారి చేతిలో ఉన్న ఆ కోటను ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ లగ్గలెక్కి పట్టుకున్నాడు. అది అర్ధరాత్రి జరిగింది, చుట్టూ బురద నేల. మీ చిత్రంలో మనుషుల నీడలు కాళ్ల కిందే పొట్టిగా పడి ఉన్నాయి, అంటే మిట్టమధ్యాహ్నం. శ్రీరంగపట్నం మీద దాడి మధ్యాహ్నం ఒంటిగంట దాటాక మొదలైంది. కోటలో భోజనాల వేళ, ఎండ మాడుస్తున్న వేళ అని చూసుకునే ఆ సమయం పెట్టుకున్నారు. మే నెల కాబట్టి కావేరిలో నీళ్లు తగ్గి బండలు తేలాయి. ఇంకొన్ని వారాలు ఆగితే వానలకు నది పొంగి ముట్టడి వదులుకోవలసి వచ్చేది. తెచ్చుకున్న తిండిగింజలు కూడా అడుగంటుతున్నాయి. ఫిరంగులతో కోట వాయవ్య మూల గోడకు గండి కొట్టారు. ఆ గండిలోకే మీ చిత్రంలో మనుషులు ఎక్కుతున్నారు.

కత్తి ఎత్తినవాడు డేవిడ్ బేర్డ్ కావాలి. మొత్తం సైన్యానికి అధిపతి జనరల్ హారిస్ అయినా, దాడిని నడిపింది బేర్డ్. 1780లో పొల్లిలూరు యుద్ధంలో టిపు తండ్రి హైదరలీకి చిక్కి, 1784 దాకా ఇదే శ్రీరంగపట్నంలో సంకెళ్లతో ఉన్న మనిషి అతను. చిక్కిన పందొమ్మిదేళ్లకు అదే కోట గండి ముందు నిలబడ్డాడు. లండన్ చిత్రకారులకు ఇంతకంటే మంచి నాయకుడు ఎక్కడ దొరుకుతాడు? దాడి ముగిసేసరికి సాయంత్రమైంది. కోట లోపలి ద్వారం దగ్గర శవాల గుట్టలో దివిటీలు పట్టుకుని వెతికితే టిపు దేహం దొరికింది.

ఈ వార్త లండన్ చేరాక అక్కడ జరిగింది తెలుసుకుంటేనే మీ చిత్రం ఎలా పుట్టిందో అర్థమవుతుంది. 1800లో రాబర్ట్ కెర్ పోర్టర్ అనే కుర్రవాడు, అప్పటికి ఇరవై మూడేళ్లు కూడా సరిగా నిండలేదు, సుమారు 120 అడుగుల పొడవున్న తెర మీద ఈ దాడిని గీశాడు. అప్పటికి అతను భారతదేశం మొహం చూడలేదు. లైసియం అనే ప్రదర్శనశాలలో దాన్ని అర్ధచంద్రాకారంగా నిలబెడితే జనం టిక్కెట్టు కొనుక్కుని వచ్చి, తామే కోట ముందున్నట్టు నిలబడి చూశారు. సినిమా లేని రోజులు. ఆ తెర తర్వాత అగ్నిప్రమాదంలో కాలిపోయింది. మిగిలినవి వెండ్రామిని అనే చెక్కుడు కళాకారుడు దాన్ని చూసి చేసిన మూడు పెద్ద ముద్రణలు. హెన్రీ సింగిల్‌టన్ కూడా ఇదే ముట్టడి మీద వరుసగా చిత్రాలు వేశాడు, అవి కూడా ముద్రణలుగా వేల ఇళ్లకు వెళ్లాయి. నలభై ఏళ్ల తర్వాత, 1839లో, బేర్డ్ భార్య కోరిక మీద డేవిడ్ విల్కీ ఒక పెద్ద తైలవర్ణం పూర్తిచేశాడు. అందులో బేర్డ్ రాత్రి దివిటీ వెలుగులో టిపు దేహం పక్కన నిలబడి ఉంటాడు.

ఆ ముద్రణలు చూసి ఇంగ్లండులోనూ మన దేశంలోనూ తైలవర్ణంలో నకళ్లు వేసినవారు ఉన్నారు. మీది అలాంటి నకలేనని నా అభిప్రాయం. ఇందుకు ఆధారం జెండా. మీ నాలుగో ఫోటోలో, పొగ పక్కన, జెండాలో నీలం మీద మూల నుంచి మూలకు వెళ్లే తెల్ల పట్టీల్లో సన్నని ఎర్ర గీత కనిపిస్తోంది. ఆ ఎర్ర గీత ఐర్లండుకు గుర్తు. బ్రిటిషు జెండాలోకి అది 1801 జనవరి 1న వచ్చింది. 1799లో శ్రీరంగపట్నం గోడ మీద ఎగిరిన జెండాలో అది ఉండే వీలు లేదు. ఆనాటి మనిషి ఎవరూ ఆ తప్పు చేయడు. అంటే మీ చిత్రకారుడు తన కాలంలో రోజూ చూసే జెండానే గీసేశాడు. నేను ఇక్కడ తొందరపడకుండా ఉండటానికి ఒక కారణం ఉంది: పాత చిత్రాల మీద తర్వాతివారు మళ్లీ రంగు వేయడం సాధారణం. ఎర్ర గీత కింద పాత పగుళ్లు కొనసాగుతూ, గీత వాటిలోకి దిగి ఉంటే అది తర్వాత వేసినది. గీతతో పాటే పగుళ్లు వచ్చి ఉంటే చిత్రంతో పుట్టినదే. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం ఉంటే మీరే చూడవచ్చు.

నకలు అనగానే చిన్నబుచ్చుకోకండి. ఈ చిత్రంలో నన్ను ఎక్కువసేపు ఆపినది బేర్డ్ కాదు. కుడి అంచున, ఫ్రేము నీడలో, నీళ్లలో మోకాలి లోతున నలుగురు మనుషులు ఉన్నారు. ఎర్రకోటే, కానీ ఒంటిరంగు గోధుమ. పొట్టి లాగు, కింద వట్టి కాళ్లు. వాళ్లు కంపెనీ సిపాయిలు. గండి ఎక్కిన నాలుగు వేల పైచిలుకు మందిలో దేశీయులు వందల్లో కాదు, దాదాపు రెండు వేల మంది ఉన్నారు. నిజాం పంపిన సైన్యం వేరే. మద్రాసు సైన్యంలో కోస్తా తెలుగువాళ్లు మొదటినుంచీ ఉన్నారు. ఉత్తరాదిలో సిపాయిని 'తిలంగా' అని పిలవడం కూడా అందుకే వచ్చింది. తెలుగు దేశం నుంచి వచ్చినవాడు అనే అర్థం పోయి, సిపాయి అనే అర్థమే మిగిలింది. మన విశాఖలోనే 1780 అక్టోబరు 3న సిపాయిలు తిరగబడ్డారు. హైదరలీ మీద యుద్ధానికి ఓడ ఎక్కి మద్రాసు రమ్మంటే ఎక్కబోమన్నారు, అధికారుల మీద తుపాకులు పేల్చారు. ఆ యుద్ధాల చివరి రోజే మీ హాల్లో వేలాడుతోంది.

ఇప్పుడు మీ నాయనమ్మగారికి ఏమి చెప్పాలో మీకు తోచవచ్చు. కోట లోపల మనవాళ్లున్నారని అనుకున్నాం. ఈ చిత్రంలో మనవాళ్లు నీళ్లలో, నిచ్చెన వైపు ఉన్నారు. చిత్రకారుడు వాళ్లకు ముఖాలు సరిగా గీయలేదు, ముక్కు మీద ఒక వెలుగు చుక్క, కన్ను ఉండవలసిన చోట ఒక నీడ, అంతే. పులిచారల మనుషులకు ఆ మాత్రం కూడా లేదు, అందరూ బోర్లానే పడి ఉన్నారు. బేర్డ్ కోటుకు మాత్రం ఒక్కో బొత్తాం లెక్కపెట్టుకోవచ్చు. డబ్బు ఎవరిదో, చూడబోయేది ఎవరో ఆ బొత్తాలు చెబుతాయి. కోట ముట్టడి చిత్రం ఏది చూసినా నేను మొదట బొత్తాలు వెతుకుతాను.

తైలవర్ణమేనా అన్న ప్రశ్నకు: ఔననే అనుకుంటున్నాను, కానీ మీరు రెండు పనులు చేసి చూడండి. రాత్రి లైట్లన్నీ ఆపి టార్చి వెలుగును చిత్రానికి పక్కనుంచి, గోడకు దాదాపు ఆనించి వేయండి. కత్తి మీద, బొత్తాల మీద రంగు కాస్త ఉబ్బెత్తుగా, కుంచె వెంట్రుకల గీతలతో నిలబడి కనిపించాలి. తర్వాత భూతద్దంతో ఆకాశం చూడండి. నూనెరంగు చిత్రాన్ని అనుకరిస్తూ ముద్రించిన ఓలియోగ్రాఫులు పందొమ్మిదో శతాబ్దం చివర్లో మన దేశమంతా వ్యాపించాయి. రవివర్మ ముద్రణాలయం 1894లో మొదలయ్యాక అవి లేని ఇల్లు అరుదు. వాటిలో కొన్నిటికి కేన్వాసు నేతలాంటి అచ్చు కూడా వేసేవారు. కానీ భూతద్దం కింద చుక్కలు బయటపడతాయి. చుక్కలు లేకుండా రంగు రంగులోకి కరిగితే అది చేత్తో వేసినది.

అసలు సంగతులు వెనకవైపు ఉంటాయి. ఇద్దరు మనుషులు పట్టుకుని చిత్రాన్ని దించి, మెత్తని దుప్పటి మీద నిలబెట్టి, వెనక ఫోటోలు తీయండి. రంగులు, కేన్వాసులు అమ్మే లండన్ దుకాణాలు బట్ట వెనక తమ ముద్ర వేసేవి. ముద్రలో చిరునామా ఉంటే కాలం దాదాపు తేలిపోతుంది. చట్రం మూలల్లో చిన్న చెక్క మేకులు, అంటే బట్టను బిగించడానికి కొట్టే ఆప్పులు ఉన్నాయా, బట్ట అంచును కొట్టినవి చేతిమేకులా, మిషను పిన్నులా చూడండి. పిన్నులుంటే కనీసం ఆ బిగింపు ఇరవయ్యో శతాబ్దానిది. పరీక్షశాలలో తెలుపు రంగును పరీక్షిస్తే ఇంకా గట్టిగా తెలుస్తుంది: టైటానియం తెలుపు 1920ల ముందు చిత్రకారుల చేతికి రాలేదు, అంతకుముందంతా ప్రధానంగా సీసం తెలుపు, ఆ తర్వాత జింకు తెలుపు.

ఇక చిత్రాన్ని కమ్మిన నలుపు సంగతి. మీరు అనుకున్నట్టు అదంతా మురికి కాదు. మూడు వేరు వేరు నలుపులు ఉన్నాయి. పైన దుమ్ము, దీపాల మసి. దాని కింద వార్నిషు. చెట్ల బంకతో చేసిన పాత వార్నిషు ఏళ్లు గడిచేకొద్దీ తేనెరంగుకు, తర్వాత కాఫీ డికాక్షను రంగుకు వస్తుంది. దాని వెనక నీలాకాశం పచ్చగా, తెల్ల పొగ పసుపుగా కనిపిస్తాయి. వార్నిషు పలచబరిస్తే మీ పొగ మళ్లీ తెల్లబడుతుంది. మూడోది మాత్రం ఎప్పటికీ పోదు. ఆ కాలంలో లోతైన గోధుమ నీడల కోసం తారులాంటి బిట్యుమెన్ కలిపేవారు. వేసిన రోజు అందంగా ఉంటుంది, కానీ పూర్తిగా ఎన్నటికీ ఆరదు. పై పొర కుంచించుకుపోయి మొసలి చర్మంలా వెడల్పాటి బీటలు తీస్తుంది. మీ కుడి మూల కింద ఉన్న బీటలు అలాంటివే. అక్కడ వేడి తగిలినా, నూనె తగిలినా రంగు జారుతుంది.

బంగాళాదుంప ఎందుకు వద్దంటే, దాని నీరు పగుళ్లలోంచి దిగి బట్ట మీది జిగురు పొరకు చేరుతుంది. జిగురు ఉబ్బుతుంది, పైన ఎండిన రంగు సాగదు, పెచ్చులై లేస్తుంది. దుంప పిండి పగుళ్లలో మిగిలి, మన ఊరి చెమ్మకు ఈసారి నిజమైన బూజును పిలుస్తుంది. అవిసె నూనె ఇంకా ప్రమాదం. రాసిన రోజు మెరుస్తుంది, అందుకే దుకాణాలవాళ్లు నమ్ముతారు. కొన్నేళ్లకు అది ఆరి, గట్టిపడి, నల్లబడి, కింది రంగుతో ఒక్కటైపోతుంది. దాన్ని తీయాలంటే రంగు కూడా వస్తుంది. ఉల్లిపాయ, నిమ్మరసం, సబ్బు నీళ్లు, స్పిరిటు, కొబ్బరినూనె ఏదీ వద్దు.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తర్వాత నా దగ్గరికి వచ్చిన చిత్రాల్లో ఒకటి ఇంకా కళ్లముందే ఉంది. ఒక ముత్తాతగారి నిలువెత్తు చిత్రం. కిటికీ అద్దం పగిలి రాత్రంతా వాన తగిలింది. ఇంటివాళ్లు కంగారులో దగ్గరున్న ఒక దుకాణానికి తీసుకెళితే, తడి ఆరడానికి వెనకనుంచి ఇస్త్రీ పెట్టి తోశారు. నేను చూసేసరికి ముఖంలో సగం రంగు కింద పరిచిన వార్తాపత్రికకు అంటుకుని ఉంది. ఆ కాగితంలోంచి ఒక్కో పెచ్చును తీసి తిరిగి ముఖంలో పెట్టడానికి ఐదు నెలలు పట్టింది. ఎడమ కన్ను దొరకలేదు. అందువల్ల చెబుతున్నాను: చిత్రం తడిస్తే ముఖం పైకి ఉండేలా బల్లపరుపుగా పెట్టండి, నీడలో, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా ఉంచి, తెలిసినవాళ్లకు కబురు చేయండి. ఎండలో పెట్టడం, వేడి చూపడం చేయవద్దు.

ఇప్పటికి మీరు చేయవలసింది కొంచెమే. మీ హాలు తూర్పు గోడకు బీచ్ వైపు కిటికీలున్నాయన్నారు. అక్కడినుంచి చిత్రాన్ని లోపలి గోడకు మార్చండి, బాత్‌రూముతో కలిసిన గోడ కాకుండా చూసుకోండి. ఫ్రేము వెనక నాలుగు మూలలా సీసా బిరడాల ముక్కలు అంటిస్తే గోడకూ బట్టకూ మధ్య వేలెడు సందు వస్తుంది, ఆ సందులో గాలి ఆడితే సగం జబ్బులు రావు. ఏసీ రాత్రి వేసి పగలంతా ఆపే గదిలో పెట్టవద్దు. చెమ్మ ఎక్కువగా ఉండటం కంటే అది రోజూ ఎక్కుతూ దిగుతూ ఉండటమే రంగును ఎక్కువ బాధిస్తుంది. దీపం, అగరుబత్తుల పొగ దూరంగా ఉండాలి. పెచ్చులు లేవని చోట మాత్రం మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులపవచ్చు. బీటలున్న కుడి మూలను తాకవద్దు.

శుభ్రం చేయించాలంటే చిత్రాల సంరక్షణలో శిక్షణ పొందినవారికే ఇవ్వండి. హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియానికి సొంత సంరక్షణ ప్రయోగశాల ఉంది, లక్నోలో కేంద్ర ప్రభుత్వ సాంస్కృతిక సంపద పరిశోధనశాల ఉంది. ఎవరికి ఇవ్వాలో అక్కడ అడిగితే దారి చూపుతారు. ఎవరికిచ్చినా ముందు ఒక అంగుళం మేర మాత్రమే, అది కూడా ఆకాశం అంచున, శుభ్రం చేసి చూపించమనండి. అది చూశాకే మిగతాది.

ధర అడిగారు. నకలుకు చిత్రకారుడి పేరు లేకపోతే పెద్ద ధర పలకదు. నూరేళ్లు దాటినదని తేలితే 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. అలాంటి చిత్రాన్ని నమోదు చేయించుకోవాలి, దేశం దాటించడానికి వీల్లేదు. విదేశాలకు అమ్మిపెడతామని ఎవరైనా వస్తే మాట్లాడకుండా పంపించేయండి.

వెనకవైపు ఫోటోలు, పక్కనుంచి టార్చి వేసి తీసిన ఫోటోలు పంపండి. జెండాకు దగ్గరగా ఒకటి, నీళ్లలో ఉన్న ఆ నలుగురికి దగ్గరగా ఒకటి ప్రత్యేకంగా కావాలి. ఎడమనుంచి రెండో సిపాయి తలపాగా మీద ఏదో అంకె లాంటిది కనిపిస్తోంది. అది పటాలం సంఖ్య అయితే, ఆ మనుషులు ఏ పటాలంవారో వెతకడం మొదలుపెట్టవచ్చు.